ఇంజనీరుకు ఏ నేర్పు ముందు: మాటా, రాతా, ఆలకింపా, నడిపింపా?

రాజమండ్రి, కాకినాడ, భీమవరం, ఏ ఊరి బస్టాండు దగ్గర నిలబడి చూసినా స్పోకెన్ ఇంగ్లీషు, కమ్యూనికేషన్ స్కిల్స్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ అన్న బోర్డులు వరుసగా కనిపిస్తాయి. ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్న పిల్లలూ, ఉద్యోగంలో చేరి ఐదారేళ్లయినా ఒక్క మెట్టు కూడా ఎక్కలేకపోయామని బాధపడేవారూ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆరు నెలల సమయం ఉందండీ, కొంత డబ్బు కూడా పెట్టగలను, వీటిలో ఏది నేర్చుకోమంటారు?" కాలువ పనుల మీద సైట్ ఇంజనీరుగా మొదలై ఇరవై ఏళ్లకు పైగా ఈ గోదావరి డెల్టాలోనే పనిచేస్తున్న నేను, నా కింద పనిచేసిన యువకుల ఎదుగుదలను దగ్గరగా గమనించిన మీదట, ఈ ప్రశ్నకు కొంత వివరంగా సమాధానం రాయడం అవసరమని అనుకుంటున్నాను. చాలామంది డబ్బు పెట్టి మొదట కొనుక్కునేది మాట నేర్పు. కానీ చాలామంది పని నిజంగా ఆగిపోయేది రాత దగ్గర.

సాఫ్ట్ స్కిల్స్ అనే పెద్ద మూటను విప్పి చూస్తే ఇంజనీరుకు ఉపయోగపడేవి ప్రధానంగా నాలుగు తేలుతాయి: నలుగురి ముందు స్పష్టంగా మాట్లాడటం, సూటిగా రాయడం, ఎదుటివారు చెప్పేది విని ఒప్పందానికి రావడం, పనిని పంచి మనుషులను నడిపించడం. వీటిలో ఏది గొప్పదన్న చర్చ వల్ల ప్రయోజనం లేదు. ఏ నేర్పు లేనందువల్ల ఇప్పుడు మీకు ఎక్కువ నష్టం జరుగుతోంది, దాన్ని నేర్చుకున్న ఫలితం ఎంతకాలానికి కనిపిస్తుంది, నేర్చుకోవడానికి మరొకరి సాయం ఎంత కావాలి అన్న మూడు కొలతలతోనే ఎంచుకోవాలి. ఇందుకు నేను చెప్పే పద్ధతి చాలా చిన్నది. గత ఏడాదిలో మీ ఉద్యోగంలో తగిలిన మూడు దెబ్బలను ఒక కాగితం మీద రాయండి: ఇంటర్వ్యూ పోయిందా, పంపిన ఎస్టిమేటు ప్రశ్నలతో తిరిగి వచ్చిందా, ఊరివాళ్లో క్లయింట్లో అడ్డం తిరిగారా, మీ కిందివారి పని గడువు దాటిందా. మూడింటిలో రెండు ఒకే చోటును చూపిస్తే, మీరు మొదట నేర్చుకోవలసింది అక్కడే ఉంది.

మాట నేర్పు ఎవరికి ముందు

ఇంటర్వ్యూ గది దాటలేకపోతున్నవారికి మాట నేర్పు అన్నిటికంటే ముందు అవసరమని చెప్పడానికి నాకు సందేహం లేదు. పల్లెటూరి తెలుగు మీడియం బడిలో చదివి, పాలిటెక్నిక్ మీదుగా బీటెక్‌కు వచ్చిన పిల్లలు లెక్కల్లో ఎంత గట్టివారైనా, ఇంగ్లీషులో తమ ప్రాజెక్టు గురించి రెండు నిమిషాలు చెప్పమంటే గొంతు ఆరిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అది తెలివి తక్కువై వచ్చిన ఇబ్బంది కాదు, అలవాటు లేక వచ్చిన ఇబ్బంది, కాబట్టి సాధనతో పోతుంది. విదేశీ క్లయింట్లతో రోజూ కాల్‌లో మాట్లాడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు కూడా దీని ఫలితం కొద్ది నెలల్లోనే కనిపిస్తుంది.

అయితే కోర్సుకు డబ్బు కట్టే ముందు ఒక పరీక్ష చేసుకోవాలి. మీరు చేసిన ఒక పనిని, ఇంజనీరు కాని మీ మేనమామకు చెబుతున్నట్టుగా, తెలుగులోనే మూడు నిమిషాలు చెప్పి ఫోనులో రికార్డు చేసుకుని వినండి. తెలుగులో సాఫీగా, ఒక వరుసలో వచ్చి, ఇంగ్లీషులోకి వచ్చేసరికే ఆగిపోతుంటే మీకు కావలసింది భాష. అప్పుడు కోర్సు పనిచేస్తుంది. తెలుగులోనే మొదలూ చివరా తెలియకుండా తిరుగుతుంటే మీకు కావలసింది ఆలోచనను వరుసలో పెట్టుకోవడం. దాన్ని ఏ స్పోకెన్ ఇంగ్లీషు కోర్సూ నేర్పదు, రాత నేర్పుతుంది. ఈ పరీక్ష చేయించినప్పుడు నా దగ్గరకు వచ్చినవారిలో ఎక్కువమంది రెండో రకంగానే తేలారు.

రాత: తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలం

ఇంజనీరు ఎదుగుదలను నిర్ణయించేవారిలో చాలామంది అతన్ని ఏడాదికి నాలుగైదుసార్లకు మించి చూడరు. వారు రోజూ చూసేది అతని కాగితాన్నే: నివేదిక, ఎస్టిమేటు వెంట జతచేసిన వివరణ, ఈమెయిల్, పని ఆగినప్పుడు పంపిన వాట్సాప్ సందేశం. కాబట్టి మన పరోక్షంలో మన తరఫున మాట్లాడేది మన రాతే. ఈ సంగతి నాకు బోధపడటానికి ఒక నష్టం జరగవలసి వచ్చింది.

డెల్టాలో దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక కాలువలు కట్టేసి, సార్వా (ఖరీఫ్ వరి) నారుమళ్లకు మళ్లీ నీరు వదిలే లోపు దొరికే కొద్ది వారాలే కాలువ పనులకు కాలం. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో అలాంటి ఒక లైనింగు పని, అంటే కాలువకు కాంక్రీటు పలకలు పోసే పని, నా చేతిలో ఉంది. చివరి 200 మీటర్లు మిగిలి ఉండగా నేను పైవారికి, "పని పురోగతిలో ఉన్నది, పూర్తి చేయుటకు కొంత వ్యవధి అవసరమగును" అని రాసి పంపాను. ఎన్ని మీటర్లు మిగిలాయో, ఏ తేదీ వరకు గడువు కావాలో, నీరు ముందే వస్తే ఏమవుతుందో ఒక్కటీ రాయలేదు. చదివినవారు పని జరుగుతోందన్న భాగాన్నే తీసుకున్నారు, నీరు ముందుగా అనుకున్న రోజునే వదిలారు. ముందు రోజు పోసిన కాంక్రీటు గట్టిపడకుండానే నీటి కింద పడింది. కొన్ని పలకలు లేచిపోయి, మరుసటి ఏడాది వాటిని మళ్లీ పోయవలసి వచ్చింది. ఆ కాగితం నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. కొత్తగా చేరినవారికి దాన్ని చూపించి, ఇందులో లేనిది ఏమిటో చెప్పమని అడుగుతుంటాను.

అదే సంగతిని ఇలా రాసి ఉండవలసింది: "200 మీటర్ల లైనింగు మిగిలి ఉంది. రోజుకు 25 మీటర్ల చొప్పున పోతకు ఎనిమిది రోజులు, చివరి పోత గట్టిపడటానికి మరో ఏడు రోజులు, మొత్తం పదిహేను రోజులు కావాలి. ఈలోగా నీరు వస్తే కొత్తగా పోసిన పలకలు లేచిపోతాయి. నీటి విడుదలను వాయిదా వేయడం కుదరకపోతే రేపటిలోగా చెప్పండి, మిగిలిన భాగాన్ని వచ్చే ఏడాదికి వదిలి, పోసినంతవరకు అంచు కట్టుకుంటాము." ఏం జరిగింది, ఎంత, ఎప్పటిలోగా, మీ నుంచి నాకు ఏం కావాలి అన్న నాలుగూ ఇందులో ఉన్నాయి. చదివినవారు తిరిగి ఫోను చేయవలసిన అవసరం లేదు.

ఇలాంటి రాతకు మన కళ్ల ముందే ఒక నమూనా ఉంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. నది ఉధృతంగా ఉందని, పరిస్థితి ఆందోళనకరంగా ఉందని ఎంత వర్ణించినా నది మధ్య లంక గ్రామంలోని మనిషికి ఏమీ తేలదు; రెండో హెచ్చరిక పడిందంటే మాత్రం పశువులను గట్టు మీదికి తోలాలా, ఇంట్లో సామాను సర్దుకోవాలా, పడవ కోసం చూడాలా అన్నది వెంటనే తేల్చుకోగలడు. ఒక అంకె, దాని వెనక ముందే ఒప్పుకున్న ఒక పని. మీ నివేదికలు కూడా చదివినవారికి ఇదే సౌకర్యాన్ని ఇవ్వాలి.

సాఫ్ట్‌వేర్ పనిలోనూ తేడా ఏమీ లేదు. "లాగిన్ పనిచేయడం లేదు, దయచేసి చూడగలరు" అన్న సందేశానికీ, "నిన్న రాత్రి మార్పు తర్వాత పాస్‌వర్డు మార్చుకున్నవారికి మాత్రమే లాగిన్ ఆగిపోతోంది, ఆ మార్పును వెనక్కి తీస్తే సరిపోతుందని నా అంచనా, తీయమంటారా" అన్న సందేశానికీ మధ్య ఉన్న దూరమే, కొన్నేళ్లు గడిచేసరికి, ఇద్దరు ఉద్యోగుల హోదాల మధ్య దూరంగా మారుతుంది. పైగా రాత నేర్చుకోవడానికి ఫీజు అక్కర్లేదు, బ్యాచ్ అక్కర్లేదు. రోజూ ఎలాగూ రాయవలసినదాన్నే పంపే ముందు మరొకసారి చదువుకుని, తేదీ లేని చోట తేదీ, కొలత లేని చోట కొలత చేర్చితే చాలు. నెల తిరిగేసరికి, "అంటే ఏమిటండీ" అని తిరిగి వచ్చే ఫోన్లు తగ్గుతాయి.

రాతలో మరొక కోణం కూడా ఉంది. చెడు వార్తను ముందుగా చెప్పగల ధైర్యాన్ని అది ఇస్తుంది. ఆలస్యం అవుతుందని పైవారి మొహం చూస్తూ చెప్పలేని మనిషి, లెక్కలతో సహా నాలుగు వాక్యాలు రాసి పంపగలడు. ఆలస్యం కన్నా, ఆలస్యాన్ని చివరి రోజు దాకా దాచడమే మంచి ఇంజనీర్ల పేరును ఎక్కువగా చెడగొట్టడం నేను చూశాను.

ఆలకింపు: జనంతో పని ఉన్నవారికి ప్రాణం

ఒకసారి సార్వా ఊడ్పుల సమయంలో ఒక పిల్ల కాలువ గట్టు మీద నేను, కొత్తగా వచ్చిన ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు, పాత లస్కరు (కాలువ తలుపులూ గట్లూ చూసుకునే ఉద్యోగి) నిలబడి ఉన్నాము. శివారు భూముల, అంటే కాలువ చివరి భూముల, రైతు ఒకాయన సైకిలు దిగి వచ్చి, "ఏమండీ ఏఈ గారూ, మా శివారుకి నీళ్లెప్పుడొస్తాయండీ?" అని అడిగారు. ఏఈ గారు ఓపికగానే సమాధానం చెప్పారు: "పైన లెవెల్ బిల్డప్ అవ్వాలండీ, డిశ్చార్జ్ పెంచుతున్నారు, పెరిగాక వస్తాయి." అందులో అబద్ధం ఒక్కటీ లేదు. రైతు మాత్రం కదలలేదు. అప్పుడు లస్కరు అందుకున్నాడు: "రేపు రాత్రికి లాకు దగ్గర నిండుద్దండి. ఎల్లుండి తెల్లారేసరికి మీ తూము తలుపెత్తుకోండి. ఆయిలింజనుకి అద్దె కట్టబాకండి." రైతు తలూపి సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆ రైతు అడిగిన ప్రశ్న నీళ్ల గురించే అయినా, ఆయన మనసులో ఉన్నది నీళ్లు తోడుకోవడానికి అద్దెకు తేవలసిన ఇంజను ఖర్చు. లస్కరు ఆ సంగతిని విన్నాడు, మేమిద్దరం వినలేదు. ఎదుటి మనిషి ఏ నిర్ణయం తీసుకోవడానికి ఈ ప్రశ్న అడుగుతున్నాడో పట్టుకోవడమే ఆలకింపులో అసలైన నైపుణ్యం. తల ఊపడం, కళ్లలోకి చూడటం వంటివి దాని పైపూత మాత్రమే.

ఇది ఈ నేలకు కొత్త విద్య కాదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను తలచుకున్నప్పుడు దాన్ని కట్టించిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ పేరుతో పాటు గోదావరి వాసులు ఆయన దగ్గర పనిచేసిన వీణం వీరన్న పేరును కూడా గౌరవంగా చెప్పుకుంటారు. పరాయి భాష మాట్లాడే ఇంజనీర్లకూ, పని చేయడానికి వచ్చిన వేలాది కూలీలకూ మధ్య నిలిచి, మనుషులను కూడగట్టి, ఇరువైపుల మాటనూ రెండో వైపుకు అర్థమయ్యేలా చేర్చిన మనిషి లేకపోతే ఎంత గొప్ప డిజైనైనా రాళ్లుగా నిలబడదు. నేటికీ నీటి వంతుల మీద పై గ్రామానికీ శివారు గ్రామానికీ తగవు వచ్చినప్పుడు దాన్ని తీర్చేది కాలువ డ్రాయింగు కాదు. రెండు ఊళ్ల పెద్దలనూ ఒకచోట కూర్చోబెట్టి, మొదట పూర్తిగా విని, ఆ తర్వాత గంటల లెక్కన వంతు ఒప్పించగల ఇంజనీరు ఆ తగవును తీరుస్తాడు.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు (నీటికి గాలి కలిపే యంత్రాలు) మరమ్మతు చేసే సర్వీసు ఇంజనీర్లకు కూడా నేను ఇదే ముందు నేర్చుకోమంటాను. చెరువు నీటిలో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, కాబట్టి రాత్రి రెండింటికి మోటారు ఆగిందని ఫోను చేసే రొయ్యల రైతు గొంతులో భయం ఉంటుంది. ఆ సమయంలో వారంటీ కాగితం గురించి అడిగే ఇంజనీరును రైతు మరి పిలవడు. "ఇంకా ఎన్ని ఏరియేటర్లు తిరుగుతున్నాయండీ, జనరేటరు ఉందా, నేను వచ్చేలోగా పక్క చెరువు నుంచి ఒకటి తేగలరా" అని అడిగేవాడు ఆ రైతుకు ఇంటి మనిషవుతాడు.

ఆలకింపును కోర్సులో నేర్చుకోవడం కష్టం. ఫలితం కూడా నెమ్మదిగా, ఒకటి రెండేళ్లకు గానీ కనిపించదు, అందుకే దీన్ని ఎవరూ మొదట ఎంచుకోరు. కానీ జనంతో నేరుగా పని ఉన్న ఉద్యోగంలో దీనికి మించిన పెట్టుబడి లేదు. దీనికి తోడు కావలసింది అనుభవజ్ఞుడైన లస్కరు, ఫోర్‌మన్, మేస్త్రీ వంటి ఒక పాత మనిషి. అతని వెంట రెండు సీజన్లు తిరిగి, అతను ఎవరితో ఎలా మాట్లాడుతున్నాడో గమనించాలి.

నడిపింపు: తొందరపడి కొనకండి

లీడర్‌షిప్ పేరుతో జరిగే రెండు రోజుల శిక్షణలకు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే వెళ్లడం వల్ల పెద్దగా ఒరిగేది లేదని నా అభిప్రాయం. మీ కింద కనీసం ముగ్గురు పనిచేస్తున్నప్పుడే అక్కడ విన్న మాటలకు అర్థం తెలుస్తుంది. అప్పుడు నేర్చుకోవలసినవి ముఖ్యంగా రెండు. మొదటిది అప్పగింత: ఏ పని, ఎప్పటికి, మధ్యలో నేను ఎప్పుడు చూస్తాను అన్న మూడూ చెప్పి, ఆపైన చేయి తీసేయగలగాలి. రెండవది గడువు చెప్పడం. కోతలు మొదలైతే కూలీలు పొలాలకు పోతారనీ, సంక్రాంతికి వారం ముందూ వారం తర్వాతా మనుషులు దొరకరనీ, తుపాను పట్టిందంటే నాలుగు రోజులు కాంక్రీటు పోయలేమనీ ఈ ప్రాంతంలో పుట్టిన ప్రతి ఒక్కరికీ తెలుసు. తెలిసి కూడా "పండగలోపు అయిపోద్దండి" అని మాట ఇస్తాము. ఆ మాట నమ్మి ఇచ్చిన పని, మరొకసారి నమ్మి ఇవ్వరు.

ఎక్కడ నేర్చుకోవాలి

పట్టణంలోని కోర్సు, ఇంటి నుంచే చూసే వీడియో పాఠాలు, స్నేహితులతో కలిసి చేసే సాధన, ఆఫీసులో ఒక పెద్ద మనిషి చేతి కింద నేర్చుకోవడం అన్నవి మన ముందున్న దారులు. కోర్సును ఎంచుకునేటప్పుడు ఫీజు ఎంత అని కాక, ఒక తరగతిలో నేను ఎన్ని నిమిషాలు మాట్లాడతాను అని అడగండి. గంట తరగతిలో నలభై మంది ఉంటే, గురువు ఒక్క మాట కూడా మాట్లాడకపోయినా మీ వంతుకు వచ్చేది నిమిషంన్నర. నలభై ఐదు తరగతులు పూర్తయ్యేసరికి మీరు నోరు విప్పింది గంట మీద ఏడెనిమిది నిమిషాలే. నలుగురు మిత్రులు వారానికి రెండు సాయంత్రాలు కూర్చుని, మనిషికి పది నిమిషాల చొప్పున తమ పని గురించి మాట్లాడి, ఒకరి తప్పులు ఒకరు చెప్పుకుంటే అంత సాధన నాలుగు వారాల్లో అవుతుంది. పన్నెండు మందికి మించని బ్యాచ్, మాట్లాడిన ప్రతిసారీ తప్పు రాసి ఇచ్చే గురువు దొరికితే మాత్రం ఆ కోర్సుకు డబ్బు పెట్టవచ్చు.

వీడియోలు చూడటం వల్ల తెలియడం వేరు, రావడం వేరు. వాటిని మాట కోసం కాస్త వాడుకోవచ్చు గానీ, రాతకూ ఆలకింపుకూ అవి దాదాపు ఉపయోగపడవు. రాతకు మేలైన గురువు మీ కాగితాన్ని అందుకునే మనిషే. "నా నివేదికలో మీకు అర్థం కానిదీ, అనవసరమైనదీ పెన్సిలుతో గీసి ఇస్తారా" అని అడిగితే కాదనే పై అధికారిని నేను ఇంతవరకు చూడలేదు.

ఎవరి పరిస్థితికి ఏది

చివరి ఏడాది విద్యార్థి మాటతో మొదలుపెట్టాలి, కానీ పైన చెప్పిన మూడు నిమిషాల పరీక్ష చేసుకున్న తర్వాతే. నీటిపారుదల, పంచాయతీరాజ్, విద్యుత్తు వంటి శాఖల్లో కొత్తగా చేరిన ఏఈకి మొదటి ఏడాది రాత, రెండో ఏడాది నుంచి ఆలకింపు అవసరం. ఇంగ్లీషు ధారాళంగా రాలేదన్న బెంగ అతనికి అక్కర్లేదు. ఎరువుల కర్మాగారంలోనో గ్యాస్ ప్లాంటులోనో షిఫ్టులో పనిచేసేవారికి రాత తప్పనిసరి, ఎందుకంటే ఒక షిఫ్టు నుంచి మరొక షిఫ్టుకు వాల్వు పరిస్థితి చేరేది లాగ్ బుక్కు ద్వారానే, అక్కడ మరిచిపోయిన ఒక్క వాక్యం ఖరీదు మనిషి ప్రాణం కావచ్చు. ఎనిమిదేళ్ల అనుభవంతో పదిమంది జట్టును చూస్తూ, రాత్రి పదింటి దాకా అందరి పనీ తానే దిద్దుకుంటున్నవారు అప్పగింత నేర్చుకోవాలి. అలాంటివారికి మరో టెక్నికల్ సర్టిఫికెట్ వల్ల ఆ గంటలు తిరిగిరావు.

తల్లిదండ్రులను చూసుకోవడానికి హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో అమలాపురం, నరసాపురం వైపు తిరిగివచ్చి ఇంటి నుంచే పనిచేస్తున్న ఇంజనీర్ల సంగతిని వేరుగా చెప్పాలి, ఎందుకంటే వీరి ఎంపికలో పొరపాటు జరగడం ఎక్కువగా చూస్తున్నాను. పైవారి కళ్లకు తాము కనిపించడం లేదు కాబట్టి మీటింగుల్లో ఎక్కువగా మాట్లాడాలని వీరు అనుకుంటారు. ఆఫీసులో టీ తాగుతూ తెలిసిపోయే సంగతులన్నీ ఇప్పుడు రాత ద్వారానే చేరాలి, కాబట్టి వీరికి రాతే ముందు. రోజు ముగిసేసరికి ఈరోజు పూర్తయినది, ఆగినది, ఎవరి నుంచి ఏం కావాలన్నది మూడు వాక్యాల్లో రాసి పంపే అలవాటు చేసుకున్నవారిని, ఊరు మారినా జట్టు మరిచిపోలేదు. వారానికి ఒకసారి మాత్రం, పని ప్రస్తావన లేకుండా, జట్టులో ఎవరికో ఒకరికి ఫోను చేసి పది నిమిషాలు వారు చెప్పేది వినడం దీనికి జతచేయాలి. కరెంటు పోయే వేళ తెలిసిన ఊరైతే ఆ సందేశాన్ని సాయంత్రం ఐదింటికే పంపేయడం మంచిది.